మడిచిపెట్టిన సగం

మా ఊరి ఎలిమెంటరీ స్కూల్లో మాస్టారి కుర్చీ వెనక గోడకి ఒక ఫొటో వేలాడుతుండేది. ఏదో సచిత్ర వారపత్రికలోంచి బొమ్మ కత్తిరించి, సొంత డబ్బులతో తెనాలిలో ఫ్రేము కట్టించి తెచ్చారాయన. అందులో నెహ్రూ, చైనా ప్రధాని చౌ ఎన్ లై పక్కపక్కన నిలబడి నవ్వుతుంటారు. చౌ తన చెయ్యి నెహ్రూ మోచేతి మీద వేసి ఉంటాడు, చాన్నాళ్లకి కలిసిన వియ్యంకుడిలా.

శనివారం సాయంత్రం బడి వదిలేముందు ఆ బొమ్మ కింద మమ్మల్ని వరసగా నిలబెట్టి, కుడిచేతి వేళ్లు ఒక్కొక్కటే మడిపిస్తూ పంచశీల అప్పజెప్పించేవారు. చిటికెన వేలు: ఒకరి హద్దుల్నీ, ఏలుబడినీ ఒకరు గౌరవించడం. ఉంగరం వేలు: ఒకరి మీదికి ఒకరు దండెత్తకపోవడం. నడిమి వేలు: ఒకరి ఇంటి సంగతుల్లో ఒకరు తలదూర్చకపోవడం. చూపుడు వేలు: సమానంగా మెలగడం, ఇద్దరూ బాగుపడటం. బొటనవేలు: శాంతియుత సహజీవనం. అయిదూ మడిచాక చెయ్యి ఏమవుతుందో చూసుకోవాలని మాకెవరికీ తోచలేదు. మాస్టారికీ తోచినట్టు లేదు.

నేను మూడో తరగతికి వచ్చేసరికే ఆ బొమ్మకి కాలం చెల్లింది. 1959 మార్చిలో టిబెట్‌లోని లాసా చైనా మీద తిరగబడింది. దలైలామా రాత్రికి రాత్రి బయల్దేరి, రెండు వారాలు కొండలు దాటుకుంటూ వచ్చి, మార్చి 31న మన గడప తొక్కాడు. అరుగు మీద పేపరు చదివే పెద్దలు మాస్టారిని ఎగతాళి చెయ్యడం మొదలుపెట్టారు. ఆయన మాత్రం శనివారం పాఠం మానలేదు. "అన్నదమ్ములన్నాక గట్టు తగాదాలు రావా? ఆ మాత్రానికి సంబంధాలు తెంచుకుంటారా?" అనేవారు. గట్టు తగాదాల్లో తలలు పగలడం మా డెల్టాలో ఆయన చూడని సంగతేమీ కాదు. అయినా అనేవారు.

పెద్దయ్యాక, ఆ పంచశీల రాసుకున్న మన చైనా ఒప్పందం వెతికి చదివాను. మనుషులు వేదవాక్కులా వల్లించిన ఆ అయిదు సూత్రాలూ దాని పీఠికలో ఉన్నాయి. 1954 ఏప్రిల్ 29న పీకింగులో సంతకాలైన ఆ కాగితం నిజానికి వర్తకానికీ, రాకపోకలకీ సంబంధించింది. పీఠిక దాటితే అంతా సంతలు జరిగే ఊళ్లు, కైలాస మానససరోవర యాత్రికులకు సదుపాయాలు, వ్యాపారులు దాటాల్సిన ఆరు కనుమల పేర్లు. దానికి జతపరిచిన ఉత్తరాల్లో మరికొన్ని: యాటుంగ్, గ్యాంట్సేల్లో ఉన్న మన సైనికుల్ని ఆరు నెలల్లో వెనక్కి పిలిపించుకోవాలి, తపాలా, తంతి ఏర్పాట్లూ, పన్నెండు విశ్రాంతి గృహాలూ చైనాకి అప్పజెప్పాలి. బ్రిటిషువాళ్లు వదిలిపోయిన సామాను అది, ఇచ్చెయ్యడం మర్యాదే. టిబెట్‌ని 'చైనాకు చెందిన టిబెట్ ప్రాంతం' అని మన చేత్తో మనమే రాసిచ్చాం. అంత ఇచ్చి, మన సరిహద్దు ఇదీ అని ఒక్క వాక్యం రాయించుకోలేదు. ఇంటి అమ్మకం కాగితం మీద గదులూ, గుమ్మాలూ, కిటికీలూ రాసి హద్దులు రాయడం మర్చిపోతే ఆ కరణాన్ని ఊళ్లో ఉండనిస్తారా?

మర్చిపోలేదు. ఇక్కడే నాకు బాధ. అడిగితే మనకే అనుమానం ఉన్నట్టు అవుతుందనీ, అడక్కుండా ఉంటే అవతలివాడు ఒప్పుకున్నట్టే అవుతుందనీ ఢిల్లీలో లెక్క వేసుకున్నారు. ఆ జులైలోనే నెహ్రూ పటాల్లో ఉత్తర సరిహద్దుని ఖాయంగా గీయమని, అది చర్చకు పెట్టాల్సిన సంగతి కాదని అధికారులకు ఆదేశం ఇచ్చాడు. అమాయకుడని ఆయన్ని తర్వాత తిట్టినవాళ్లు ఈ ముక్క మర్చిపోతారు. అమాయకత్వం కాదది, అతి తెలివి. ముప్పు ఎటునుంచి వస్తుందో చెప్పినవాళ్లు లేకా కాదు. పటేల్ 1950 నవంబరు 7న టిబెట్ గురించి, మన ఉత్తరపు కొండల గురించి పెద్ద ఉత్తరం రాశాడు. అయిదు వారాలకి చనిపోయాడు. ప్రతిపక్షంలో ఉన్న కృపలానీ అయితే ఆ 1954 ఒప్పందం పుట్టుకే పాపమని పార్లమెంటులో మొహం మీద చెప్పాడు.

ఆ పైన రోడ్డు. షిన్‌జాంగ్ నుంచి టిబెట్‌కి చైనా వేసిన రోడ్డు మనం మనదని గీసుకున్న అక్సాయ్ చిన్ గుండా పోతోంది. అది పూర్తయిందని 1957లో చైనా పత్రికలే ప్రకటించుకుంటే మనకి తెలిసింది. మరుసటి వేసవిలో చూసిరమ్మని రెండు దళాల్ని పంపారు. ఒకదాన్ని చైనావాళ్లు పట్టుకుని కొన్ని వారాలు ఉంచుకుని వదిలారు. 1958 అక్టోబరులో మన ప్రభుత్వం నిరసన ఉత్తరం రాసింది. పార్లమెంటుకి, అంటే దేశానికి, ఈ సంగతి తెలిసింది 1959 ఆగస్టు చివర్లో. రోడ్డు వెయ్యడం చైనా పని. రెండేళ్లపాటు దాన్ని కొంగు చాటున దాచడం మన పని.

మన దగ్గర సంసారపక్షంగా ఉండే ఇళ్లల్లో ఈ జబ్బు తెలిసిందే. అప్పు సంగతి ఇంట్లో ఆడవాళ్లకి చెప్పరు, బెంగపెట్టుకుంటారని. వడ్డీ పెరిగి, అప్పులవాడు వాకిట్లో నిలబడి అరిచేదాకా చెప్పరు. ఆ రోజు తెలిసినవాళ్లకి అప్పు మీద కంటే ఇంటాయన మీద ఎక్కువ కోపం వస్తుంది. ఆ కోపంలో ఏ సర్దుబాటుకీ ఒప్పుకోరు. 1959లో జరిగింది సరిగ్గా ఇదే. ఆగస్టు 25న తూర్పు సరిహద్దులోని లాంగ్జూలో కాల్పులు జరిగాయి. సెప్టెంబరులో ప్రభుత్వం చైనాతో నడిపిన ఉత్తరాలన్నిటినీ శ్వేతపత్రంగా అచ్చేసి సభ ముందు పెట్టింది. అక్టోబరు 21న లడఖ్‌లోని కొంగ్కా కనుమ దగ్గర మన పోలీసులు పదిమంది చనిపోయారు. పోలీసు అమరవీరుల దినం మనం ఆ రోజునే జరుపుకుంటాం. ఆ తర్వాత ఇక బేరం అన్న మాటే బూతు అయిపోయింది. అక్సాయ్ చిన్‌లో గడ్డిపరక కూడా మొలవదని నెహ్రూ సభలో అన్నప్పుడు, ఆయన పార్టీ సభ్యుడే అయిన మహావీర్ త్యాగి తన బట్టతల చూపించి, ఇక్కడా ఏమీ మొలవలేదు, దీన్నీ ఇచ్చేద్దామా అన్నాడని చెప్పుకుంటారు. సభ నవ్వింది. ఆ నవ్వుతో ఒక తలుపు మూసుకుంది.

1960 ఏప్రిల్లో చౌ ఎన్ లై ఢిల్లీ వచ్చాడు. ఆరేళ్ల క్రితం వచ్చినప్పుడు ఊరేగించిన ఊరే. ఈసారి మంత్రుల ఇళ్లకి ఒక్కొక్కరి దగ్గరికీ తిరిగాడు. తూర్పున మీ దగ్గరున్నది మీరు ఉంచుకోండి, పడమర మా దగ్గరున్నది మేం ఉంచుకుంటాం అన్నది ఆయన తెచ్చిన బేరం సారాంశం. అది న్యాయమైన బేరమా కాదా అన్నది వేరే తగువు. నెహ్రూ ఒప్పుకుందామనుకున్నా ఒప్పుకోలేని చోట ఉన్నాడు, ఆ చోటికి తనని తెచ్చుకున్నది తనే. చౌ రాత్రి పొద్దుపోయాక విలేఖరులతో మాట్లాడి, మరునాడు వెళ్లిపోయాడు.

ఈ కథలో మనవాళ్లిద్దరు ఉన్నారు, తండ్రీకొడుకులు. కొడుకు సర్వేపల్లి గోపాల్ విదేశాంగ శాఖలో చరిత్ర విభాగానికి అధిపతి. పాత కాగితాలు తిరగెయ్యమని ఆయన్ని లండన్ పంపారు. తిరిగివచ్చి, అక్సాయ్ చిన్ మీద మన హక్కు గట్టిదేనని నెహ్రూకి చెప్పాడు. ఆ మాటతో నెహ్రూ మరింత గట్టిగా నిలబడ్డాడంటారు. రెండు దేశాల అధికారులు కూర్చుని పాత పత్రాలు పరిచి వాదులాడుకున్నప్పుడు కూడా గోపాల్ మన పక్షాన ఉన్నాడు. కాగితం మీద మనం గెలిచామనే ఆయన నమ్మకం, అందులో నిజం కూడా ఉండొచ్చు. తండ్రి రాధాకృష్ణన్ 1962 మేలో రాష్ట్రపతి అయ్యాడు. తర్వాత ఏం జరిగిందో ఆ కుర్చీలో కూర్చుని చూడాల్సి వచ్చింది.

1961 చివర్లో 'ఫార్వర్డ్ పాలసీ' అని ఒకటి మొదలైంది. చైనావాళ్ల చౌకీల మధ్యకీ, వెనక్కీ చొరబడి మన చిన్న చిన్న చౌకీలు పెట్టడం. పదిమంది, పాతికమంది, చుట్టూ మంచు, పైనుంచి విమానం జారవిడిస్తే తిండి, లేకపోతే లేదు. వాళ్లు కాల్చరు అన్నది ఢిల్లీ నమ్మకం. 1954 ఒప్పందానికి గడువు ఎనిమిదేళ్లు, 1962 జూన్‌లో అది చడీచప్పుడూ లేకుండా తీరిపోయింది. పంచశీలకి కాలదోషం పట్టిందని మా మాస్టారికి ఎవరూ చెప్పలేదు. ఆ శనివారం కూడా మేం వేళ్లు మడిచే ఉంటాం.

అక్టోబరు 12న నెహ్రూ సిలోను వెళ్తూ, పాలం విమానాశ్రయంలో విలేఖరులు అడిగితే, మన భూమిని ఖాళీ చేయించమని సైన్యానికి చెప్పామన్నాడు. ఆ మాట పేపర్లలో పెద్దక్షరాలతో వచ్చింది. ఖాళీ చేయించాల్సిన సైన్యం ఆ రోజు ఎలా ఉందో ఎవరూ రాయలేదు. నమ్కా చు అనే కొండవాగు ఒడ్డున బ్రిగేడియర్ జాన్ దల్వీ బ్రిగేడు దిగి ఉంది. వాగు అవతల థాగ్‌లా శిఖరం మీద చైనావాళ్లు. మన వాళ్లు లోయలో, వాళ్లు మిద్దె మీద. చాలామంది ఒంటిమీద నూలు దుస్తులు, చేతిలో మొదటి ప్రపంచయుద్ధం నాటి నమూనా త్రీనాట్‌త్రీ తుపాకీ, సంచిలో తలా యాభై తూటాలు. విమానాలు వేసిన మూటలు సగం లోయల్లోకి దొర్లిపోయేవి. వాగు మీద దుంగల వంతెనలకి నంబర్లు పెట్టి, వాటిని కాపాడమని పై నుంచి ఉత్తర్వులు వచ్చేవి. అక్టోబరు నాటికి ఆ వాగు ఎక్కడపడితే అక్కడ దాటగలిగేంతగా తగ్గిపోయింది. ఢిల్లీలో పటం మీద మాత్రం వంతెనలు ఉన్నాయి. 20వ తేదీ తెల్లవారుజామున ఫిరంగులు మొదలయ్యాయి. పొద్దెక్కేసరికి ఆ బ్రిగేడు లేదు. దల్వీ రెండు రోజులు అడవిలో తిరిగి పట్టుబడ్డాడు. తర్వాత ఆయన రాసిన పుస్తకాన్ని మన ప్రభుత్వం నిషేధించింది.

మా పంచాయతీ ఆఫీసు రేడియో ముందు ఊరంతా నిలబడింది. అలా నిలబడటం స్వరాజ్యం వచ్చిన రాత్రి తర్వాత ఇదేనని మా నాన్న అనేవాడు. తవాంగ్ అనీ, సేలా అనీ, వలోంగ్ అనీ ఆ వారాల్లో మేం నేర్చుకున్న పేర్లన్నీ పోయిన చోట్ల పేర్లే. జాతీయ రక్షణ నిధికి చందాలు వసూలు చెయ్యడానికి మాస్టారే ఇల్లిల్లూ తిరిగారు. మా అమ్మ చేతి గాజులు రెండిట్లో ఒకటి తీసి ఆయన కండువాలో వేసింది. తలుపు చాటునుంచి, "ఏమండీ మాస్టారూ, మనవాళ్లకి చలికోట్లు కూడా లేవంటగా?" అంది. ఆయన జవాబు చెప్పలేదు. రశీదు రాసిచ్చి వెళ్లిపోయారు.

రష్యా కాపాడుతుందనుకున్నారు. ఆ వారమే క్యూబాలో అణుక్షిపణుల గొడవ ముదిరి ఉంది. మాస్కో పత్రిక ప్రావ్దా చైనా షరతుల వైపే మొగ్గింది. అలీన దేశాలు కలిసొస్తాయనుకున్నారు. గట్టిగా మన పక్షాన నిలబడ్డవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మరో వింత. అక్టోబరు 30న ఐక్యరాజ్యసమితిలో కమ్యూనిస్టు చైనాకి సభ్యత్వం ఇవ్వాలా అని ఓటింగు జరిగితే మనం ఇవ్వాలనే ఓటేశాం. నమ్కా చు చావులకి పదిరోజులు. ఆ ఓటుని కొందరు ధర్మనిష్ఠ అంటారు. నాకు మాత్రం కొరివి పెట్టొచ్చి అదే పూట పేకాటకి కూర్చున్నవాడు గుర్తొస్తాడు.

నవంబరు 18న చుషూల్ దగ్గర రెజాంగ్‌లాలో, పదహారు వేల అడుగుల పైన, పదమూడవ కుమావూన్ పటాలం చార్లీ కంపెనీ ఆఖరి తూటా దాకా పోరాడింది. నూట ఇరవైమందిలో నూరుమందికి పైగా అక్కడే ఉండిపోయారు, మేజర్ షైతాన్ సింగ్‌తో సహా. బతికి బయటపడ్డ కొద్దిమందీ జరిగింది చెప్తే మొదట ఎవరూ నమ్మలేదు, పారిపోయి వచ్చి కట్టుకథలు చెప్తున్నారనుకున్నారు. చలికాలం గడుస్తుండగా ఒక గొర్రెలకాపరి ఆ గుట్ట ఎక్కి చూశాడు. గోతుల్లో తుపాకులు పట్టుకున్నవాళ్లు పట్టుకున్నట్టే గడ్డకట్టి ఉన్నారు. వైద్యసహాయకుడి చేతిలో సిరంజి అలాగే ఉందట. నిజం చెప్పినవాళ్లని నమ్మడానికి ఈ దేశానికి శవాలు సాక్ష్యం కావాల్సి వచ్చింది.

మరునాటికి తూర్పున బొమ్దిలా పోయింది. నవంబరు 20న నెహ్రూ రేడియోలో మాట్లాడుతూ, ఈ సమయంలో అస్సాం ప్రజల కోసం తన మనసు పరితపిస్తోందన్నాడు. ఓదార్పుగానే అని ఉంటాడు. అస్సాంవాళ్ల చెవికి అది వీడ్కోలులా వినిపించింది, ఇప్పటికీ అక్కడ ఆ మాట తలుచుకుంటారు. తేజ్‌పూర్ ఒక్క రోజులో ఖాళీ అయింది. జనం బ్రహ్మపుత్ర రేవుల మీద పడ్డారు. బ్యాంకులో నోట్లు కుప్పపోసి తగలబెట్టారు, నాణేలు చెరువులో పారబోశారు. జైలు తలుపులూ, పిచ్చాసుపత్రి తలుపులూ తెరిచేశారు. కలెక్టరు వెళ్లిపోయాడు. ఖాళీ వీధుల్లో తిరిగింది ఆ ఆసుపత్రిలోంచి వచ్చినవాళ్లూ, కుక్కలూ.

రేడియోలో మాట్లాడిన ముందు రోజే నెహ్రూ అమెరికా అధ్యక్షుడు కెనెడీకి రెండు ఉత్తరాలు రాశాడు. పన్నెండు స్క్వాడ్రన్ల యుద్ధవిమానాలు, రాడార్లు, వాటిని నడపడానికి అమెరికన్లనే పంపమని. ఏ కూటమిలోనూ చేరమని పదిహేనేళ్లుగా లోకానికి చెప్పిన చేత్తోనే ఆ ఉత్తరాలు రాయాల్సి వచ్చింది. ఆ రాత్రి ఆ గదిలో ఆయన ముఖం ఎలా ఉండి ఉంటుందో అని ఎన్నోసార్లు అనుకుంటాను. ఆ సంగతీ దేశానికి చెప్పలేదు. విమానాలు రాకముందే, నవంబరు 21న, చైనా తనంతట తనే కాల్పులు ఆపేస్తున్నామని ప్రకటించి తూర్పున వెనక్కి పోయింది. గెలిచినవాడు కొట్టి, ఇక చాల్లే అని దుమ్ము దులుపుకుని పోవడం ఓటమి కంటే ఎక్కువ కాల్చింది మావాళ్లని. ప్రభుత్వ లెక్క ప్రకారం 1,383 మంది చనిపోయారు. 1,696 మంది ఏమయ్యారో తెలియదు. 3,968 మంది బందీలు.

కోపం తీర్చుకోవడానికి మనుషులు కావాలి. రక్షణ మంత్రి కృష్ణ మీనన్‌ని దింపారు, అది అవసరమే. దానితోపాటు చేసింది ఇంకొకటి ఉంది, దాని గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం. అస్సాంలో, డార్జిలింగు కొండల్లో తరాలుగా ఉంటున్న చైనా సంతతివాళ్లని సుమారు 3,000 మందిని రైళ్లలో ఎక్కించి రాజస్థాన్‌లోని దేవలీ శిబిరానికి పంపారు. ముసలివాళ్లు, చంటిపిల్లలు, వడ్రంగులు, చెప్పులు కుట్టేవాళ్లు. కొందరు ఏళ్ల తరబడి అక్కడే ఉన్నారు. హిందీ చీనీ భాయీ భాయీ అని అరిచిన గొంతులే వాళ్ల రైళ్ల మీద రాళ్లేశాయి.

రాష్ట్రపతి రాధాకృష్ణన్ తన ప్రభుత్వాన్నే బహిరంగంగా తప్పుపట్టాడు, మన గుడ్డినమ్మకమూ, అలసత్వమూ దీనికి కారణమని. ప్రధానికి అన్నేళ్ల స్నేహితుడు అన్న మాట అది. కొడుకు గోపాల్ తర్వాత నెహ్రూ జీవితచరిత్ర మూడు సంపుటాలు రాశాడు. ఆయన్ని ఎంతో ప్రేమించినవాడే, అయినా ఈ చైనా అధ్యాయం దగ్గర ఆ ప్రేమ ఆయన కలాన్ని ఆపలేదు. 1963 ఆగస్టులో కృపలానీ లోక్‌సభలో అవిశ్వాసం పెట్టాడు, ఈ దేశంలో మొదటిది. 347కి 62, వీగిపోయింది. ఓటమి మీద విచారించి ఇద్దరు సైనికాధికారులు, హెండర్సన్ బ్రూక్స్, భగత్, ఇచ్చిన నివేదికని అప్పుడే బీరువాలో పెట్టారు. ఎన్ని ప్రభుత్వాలు మారినా దాన్ని అధికారికంగా బయటపెట్టలేదు. అప్పు సంగతి ఇంట్లో చెప్పకూడదన్న అలవాటు మనకింకా పోలేదు.

మా ఊళ్లో ఈ యుద్ధం ఇంకొంత కాలం సాగింది. మాస్టారి బావమరిది సైకిలు షాపు నడిపేవాడు, గట్టి కమ్యూనిస్టు. చైనా దురాక్రమణ చేసిందని పార్టీ తీర్మానం చేస్తే ఆయన ఒప్పుకోలేదు. నవంబరులో నాయకుల్ని అరెస్టు చేస్తున్నారని తెలిసి రెండు వారాలు ఊళ్లో కనపడలేదు. తిరిగొచ్చాక ఒక రాత్రి అరుగు మీద ఇద్దరూ కేకలేసుకున్నారు. "బావా, మీ నెహ్రూ ఆ చౌకీలు ఎందుకు పెట్టించాడో అడిగావా?" అన్నాడాయన. "నువ్వు మీ చౌని అడిగావట్రా?" అన్నారు మాస్టారు. అందులో ఎవరికీ తమవాణ్ణి అడిగే ధైర్యం లేదు. ఆ తర్వాత పండక్కి కూడా రాకపోకలు లేవు.

1964 జనవరిలో భువనేశ్వర్ కాంగ్రెసులో నెహ్రూకి పక్షవాతం వచ్చింది. మే 27న పోయాడు. వేసవి సెలవులైనా మాస్టారు బడి తలుపు తీసి, ఫొటోకి దండ వేసి, పిల్లల్ని పిలిచారు. దాదాపు ఆరు వారాలకి తెనాలిలో కమ్యూనిస్టు పార్టీ నుంచి విడిపోతున్న వర్గం మహాసభ పెట్టుకుంది. 146 మంది ప్రతినిధులు వచ్చారు. వేదిక దగ్గర మావో బొమ్మ పెద్దది పెట్టారట. సైకిలు షాపు మూసేసి చూసొచ్చిన బావమరిది, అంత బొమ్మ జన్మలో చూళ్లేదని అందరికీ చెప్పాడు. మాస్టారికి మాత్రం చెప్పలేదు.

దండ వేసిన రోజు ఆ ఫొటోని దగ్గరగా చూశాను. ఎప్పుడు చేశారో తెలియదు, బహుశా బొమ్దిలా పోయిన వారంలోనే కావొచ్చు, మాస్టారు అద్దం ఊడదీసి, కాగితాన్ని నిలువునా మడిచి, చౌ ఉన్న సగాన్ని వెనక్కి తిప్పి మళ్లీ బిగించారు. నెహ్రూ ఒక్కడే నవ్వుతున్నాడు. మడత సరిగ్గా కుదరలేదు. ఎడమ అంచున, నెహ్రూ మోచేతి మీద, నాలుగు వేళ్లు అలాగే ఉండిపోయాయి. చామంతి దండ అటుపక్కకి జరిపి వాటిని కప్పాలని మాస్టారు రెండుసార్లు ప్రయత్నించారు. చెయ్యి తియ్యగానే దండ మళ్లీ మధ్యకి జారిపోయింది.